జోజిలా మీద దారి వేసినవాళ్ళు

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళేవాళ్ళకి గగన్‌గీర్ దగ్గర ఇప్పుడు కొండ అంచున వేలాడే పని లేదు. 2025 జనవరిలో తెరిచిన ఆరున్నర కిలోమీటర్ల సొరంగం ఇటు మింగి అటు సోన్‌మార్గ్ పచ్చిక మీద వదిలేస్తుంది. అంతకుముందు ఈ ముక్కలో ప్రతి శీతాకాలం మంచుచరియలు పడి దారి మూసుకుపోయేది. పక్కన పారే నది పేరు సింధ్. మన సింధు కాదిది, జీలంలో కలిసే చిన్న నది. కానీ దాని రొద చిన్నది కాదు.

సొరంగం పని ఇంకా సాగుతుండగా, 2024 అక్టోబరులో ఒక రాత్రి, ఇక్కడి కూలీల బస మీద ఉగ్రవాదులు కాల్పులు జరిపి ఏడుగురిని చంపేశారు. ఒక డాక్టరు, మిగిలినవాళ్ళు పనివాళ్ళు. మా డ్రైవర్ ద్రాస్ మనిషి, మాట పొదుపు. అద్దంలోంచి చెయ్యి అటు చూపించి, "అక్కడే సాబ్" అని ఊరుకున్నాడు. దారి వేసేవాడి మీద తుపాకి గురి ఉండడం ఈ లోయకి కొత్త కాదు. నేను వచ్చిందే ఆ పాత కథ నడిచిన చోటు చూద్దామని.

నేను పెరిగింది సికింద్రాబాద్‌లో. మా ఊళ్ళో సైన్యం అంటే ముందు కనబడేది గోడ. తిరుమలగిరి వైపు ఏఓసీ సెంటర్, ఈఎంఈ కాలేజీ; నగరానికి ఆ కొసన గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్. మందుగుండు, సామాను లెక్కగట్టి పంపేవాళ్ళు, చెడిన బండిని బాగుచేసేవాళ్ళు, కొండకు ఇవతల నుంచి ఫిరంగి పేల్చేవాళ్ళు తయారయ్యే ఊరది. సినిమాల్లో జెండా పాతేవాడు మాత్రం ఎప్పుడూ ఈ గోడల అవతలివాడు కాదు. యుద్ధం చేసేవాడు వేరు, వాడికి సాయం చేసేవాడు వేరు అన్న లెక్క నాకూ అలాగే అంటుకుంది. ఆ లెక్క తప్పించే ఉదాహరణ ఎక్కడైనా ఉందా అంటే 1948 నవంబరు 1న జోజిలాలో ఉంది.

సోన్‌మార్గ్ దాటాక బాల్తాల్. అమర్‌నాథ్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. గుడారాలు, లంగర్లు, గుర్రాలవాళ్ళ బేరాలు. అక్కడి నుంచి కనుమలోకి దారి మెలికలు తిరుగుతూ నిటారుగా లేస్తుంది. రెండు మూడు మలుపులు తిరిగేసరికి బాల్తాల్ గుడారాలు కాలి కింద రంగు కాగితాల ముక్కల్లా కనిపిస్తాయి. కారులో కూర్చుని కిందికి చూడడమే కష్టంగా ఉంటే, పదిహేను టన్నుల ట్యాంకులు ఇదే గోడను ఎక్కాయంటే నమ్మడం ఎలా?

1948 వేసవిలో గిల్గిత్ వైపు నుంచి వచ్చిన దళాలు కార్గిల్‌నూ ద్రాస్‌నూ పట్టుకున్నాయి. జోజిలా కూడా వాళ్ళ చేతిలోకి పోయింది. కనుమ పోయిందంటే లేహ్‌కు శ్రీనగర్ దారి తెగినట్టే. మనాలీ నుంచి కాలిబాట ఉంది, అది రోజుల తరబడి కొండలెక్కి దిగే బాట. మే నెలలో ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ ఒక డకోటా విమానాన్ని తీసుకెళ్ళి, ఊరివాళ్ళ సాయంతో ఇంజనీరు సోనమ్ నొర్బు సిద్ధం చేసిన నేల మీద లేహ్‌లో దించాడు. పక్కన కూర్చున్నది డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ తిమ్మయ్య. అంతకుముందు ఫిబ్రవరిలోనే మేజర్ పృథీ చంద్ అనే లాహౌల్ మనిషి నలభైమంది దాకా వాలంటీర్లతో, నిండు మంచులో ఈ జోజిలానే దాటి, లడఖ్‌వాళ్ళకి తుపాకులు మోసుకెళ్ళాడు. లేహ్ నిలిచిందంటే ముందుగా ఇలాంటి మోతల వల్లే నిలిచింది.

సెప్టెంబరులో 77 పారా బ్రిగేడ్ కనుమ మీద దాడి చేసి వెనక్కి రావలసి వచ్చింది. రెండు వైపులా గుట్టల్లో రాతి బంకర్లు, మధ్యలో సన్నటి దారి. ఎంత ధైర్యం ఉన్నా అక్కడ మనిషి ఛాతీతో మెషీన్‌గన్‌ను అడ్డుకోలేడు. ఇక చలి ముంచుకొస్తోంది. డిసెంబరు వస్తే అటు ఇటు ఎవరూ కదలలేరు. అప్పుడు తిమ్మయ్య ట్యాంకులు పైకి ఎక్కిద్దాం అన్నాడు. పై అధికారి కరియప్ప ఒప్పుకున్నాడు. ఇద్దరూ కొడగువాళ్ళే. 11,500 అడుగుల పైన అప్పటికి ప్రపంచంలో ఎవరూ ట్యాంకులతో పోరాడలేదు.

ఇక్కడి నుంచి కథ రెండు పాయలు. సాధారణంగా మనం వినేది మొదటి పాయే. 7వ లైట్ కావల్రీకి చెందిన స్టువర్ట్ ట్యాంకులు, వాటి నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్. అందరూ స్పారో అని పిలిచే ఆయన ఆ తర్వాత 1965 యుద్ధంలో ఆర్మర్డ్ డివిజన్‌ను నడిపి రెండోసారి మహావీర్ చక్ర అందుకున్నాడు, ఇంకా తర్వాత జలంధర్ ఎంపీ కూడా అయ్యాడు. ఈ రెజిమెంట్‌కు స్టువర్ట్‌లు పాత చుట్టాలు. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంఫాల్‌లో, బర్మాలో వాటితోనే జపాన్ సైన్యం మీద పోరాడింది.

రెండో పాయ: ఆ ట్యాంకులు ఇక్కడికి ఎలా చేరాయి? జమ్మూ వైపు నుంచి బానిహాల్ కనుమ మీదుగా, శ్రీనగర్ మీదుగా దాదాపు 400 కిలోమీటర్లు. జవహర్ సొరంగం లేని రోజులవి. దారి పొడవునా బండి బరువుకే మూలిగే వంతెనలు. ట్యాంకు పైనున్న టరెట్‌ను విప్పేశారు, వంతెనల మీద ఇంజను నడపకుండా వించ్‌లతో తాళ్ళు కట్టి లాగారు. శ్రీనగర్ దాటించిన వేళ ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారని, ఎవరూ చూడకూడదనే అలా చేశారని చెబుతారు. చివరికి బాల్తాల్‌లో టరెట్లు మళ్ళీ బిగించారు. చలికి వేళ్ళు పనిచెయ్యని చోట బోల్టు బిగించడం ఎంత పనో, సిమ్లాలో కారు టైరు మార్చినవాడికి కాస్త తెలుస్తుంది. చెడిన బండ్లను బాగుచేసే ఈఎంఈ కోర్ పుట్టింది 1943లోనే. అంటే ఈ కథ నాటికి దానికి ఐదేళ్ళు. ఇవాళ ఆ విద్య నేర్పే కాలేజీ గోడ పక్కనుంచే నేను చిన్నప్పుడు బడికి నడిచాను.

మరి బాల్తాల్ నుంచి పైకి? అక్కడ ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని వెడల్పు చేసింది మద్రాస్ సాపర్లు, మేజర్ తంగరాజు నాయకత్వంలో రెండు ఫీల్డ్ కంపెనీలు. సాపర్లంటే సైన్యంలో దారులు, వంతెనలు వేసేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు, పెట్టేవాళ్ళు. రాయి పేల్చి, గడ్డపారలతో అంచు చెక్కి, మెత్తటి చోట గట్టి చేసి, ఎదురుగా శత్రువు కాపు కాస్తుండగా వారాల తరబడి ఆ బాటను దారి చేశారు. పైనుంచి చూసే శత్రువుకి జీపులు నడిచే దారిలా అనిపించి ఉంటుంది. దాడికి అసలు ముహూర్తం అక్టోబరులో. వాతావరణం బాగోలేక నవంబరు 1 దాకా జరిగింది.

మద్రాస్ సాపర్ల పుట్టుక 1780లో, మద్రాస్ పయనీర్లుగా. తర్వాత బెంగళూరు వాళ్ళ స్థావరమైంది. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళాలు మాట్లాడేవాళ్ళు అందులో కలిసి ఉంటారు. సైన్యంలో మిగతావాళ్ళు వాళ్ళను పిలిచే ముద్దుపేరు తంబి. తెలుగువాడైనా అక్కడ తంబీయే, ఎవరూ అభ్యంతరం చెప్పగా నేను వినలేదు. ముళ్ళకంచెను పేల్చి దారి చేసే గొట్టాన్ని ప్రపంచమంతా బెంగళూర్ టార్పెడో అంటుంది. 1912లో ఈ సాపర్ల అధికారి ఒకడు తయారుచేసిందే అది.

ఇందులో తమాషా ఒకటుంది. పైన ట్యాంకులు తోలిన 7వ లైట్ కావల్రీ కూడా 1784లో మద్రాస్ అశ్విక దళంగా పుట్టిందే. నాలుగేళ్ళ తేడాతో ఒకే ప్రెసిడెన్సీలో పుట్టిన రెండు దళాలు జోజిలాలో కలిశాయి. కానీ మధ్యలో ఇంగ్లీషు దొరలు కొందరిని యోధ జాతులన్నారు, దక్షిణాదివాళ్ళను యుద్ధానికి పనికిరారన్నారు. 1880లలో మద్రాస్ సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ ఈ మాటకు పెద్ద వకాల్తాదారు. దాంతో అశ్విక దళం పేరు మద్రాసుదైనా మనుషులు ఉత్తరాదివాళ్ళయిపోయారు. తెలుగువాళ్ళను పదాతి పటాలాల్లోకి తీసుకోవడం 19వ శతాబ్దం చివరికి దాదాపు ఆగిపోయింది. పార పట్టినవాళ్ళు మాత్రం మిగిలారు. దారి వెయ్యడం విద్యే కాని వీరం కాదని దొరలకు అనిపించి ఉంటుంది, అందుకే వాళ్ళ జోలికి పోలేదు. తిమ్మయ్య ఎదిగిన రెజిమెంట్ పేరులోనూ హైదరాబాద్ ఉంది. బర్మాలో ఆయన నడిపిన బటాలియన్ 8/19 హైదరాబాద్. అందులో కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఉన్నారే గాని చార్మినార్ చూసినవాడు ఎవడైనా ఉన్నాడో లేదో. 1945లో ఆ పేరు కూడా తీసేసి కుమావ్ అని పెట్టారు.

పనికిరారని పక్కన పెట్టిన ప్రాంతం మనుషులు తవ్విన దారి మీద, ఆ ప్రాంతంలోనే పుట్టి దాన్ని మరిచిపోయిన రెజిమెంట్ ట్యాంకులు ఎక్కాయి. ఈ సంగతి ఏ రెజిమెంట్ చరిత్రలోనూ ఇంత సూటిగా రాసి ఉండదు. రెజిమెంట్ చరిత్రలన్నీ ఇంటి పెద్ద చెప్పుకునే కథల్లాంటివి. మనవాడిదే ముందు వరుస. రక్షణ శాఖ వేసిన అధికారిక చరిత్ర కాస్త నయం. దాన్ని రాసిన ఎస్.ఎన్. ప్రసాద్, ధర్మ్ పాల్ ఎవరి వాటా వాళ్ళకి ఇచ్చే ప్రయత్నం చేశారు.

కనుమ మీద వాహనాలు ఒక్కోవేళ ఒక్కోవైపే వదులుతారు. పైకి వచ్చాక గుమ్రీకి ముందు మమ్మల్ని ఆపేశారు. ముందు సైన్యం లారీల వరస. బురద, మంచు కరిగిన నీళ్ళు, డీజిల్ వాసన. ఒక లారీ తలుపు తీసుకుని దిగిన కుర్రాడు ఫోన్లో ఎవరితోనో "ఒలే, సిగ్నల్ పోతంది, మళ్ళీ సేస్తాను" అన్నాడు. అక్కడ ఆ యాస వినపడితే ఊరుకోగలమా?

"ఏ ఊరు బాబూ మీది?"

కుర్రాడు తేరుకోవడానికి క్షణం పట్టింది. "పలాస దగ్గరండి. మీరేటి సార్ ఇక్కడ?"

సర్వీస్ కోర్ డ్రైవర్. ఏం తీసుకెళ్తున్నావని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కానీ సాధారణంగా ఏం వెళ్తుందో చెప్పడానికి రహస్యం ఏముంది: కిరోసిన్, పిండి, బియ్యం, ఉల్లి, టిన్ను పాలు, చలి బట్టలు. లడఖ్‌లో ఉన్న సైన్యానికి శీతాకాలం సరుకంతా వేసవిలోనే పైకి చేర్చాలి. "మావోడొకడు ఇన్‌ఫాంట్రీలో ఉన్నాడు సార్, ఊరికెళ్తే ఆడికి దండలు. నన్ను మాత్రం లారీ తోల్తావంట కదా అంటారు" అని నవ్వాడు. ఆ నవ్వులో బాధ పెద్దగా లేదు. తర్వాత గంభీరంగా, "ఈ మలుపుల్లో బ్రేకు ఏస్తే సాల్దు సార్, గేరు దించాల. మా ఉస్తాద్ అదే నేర్పినాడు" అన్నాడు. ముందు లారీ హారన్ మోగింది. వెళ్ళొస్తానంటూ ఎక్కేశాడు. పేరు అడగడం బాగుండదనిపించింది.

గుమ్రీ దగ్గర 1948 యుద్ధానికి ఒక స్మారకం ఉంది. దాని చుట్టూ లోయ వెడల్పవుతుంది. నిటారు గోడల మధ్య నుంచి ఒక్కసారిగా విశాలమైన గిన్నెలోకి వచ్చినట్టుంటుంది. నవంబరు 1న ట్యాంకులు దూరింది ఈ గిన్నెలోకే. ముందున్న ట్యాంకులో తిమ్మయ్య తనే కూర్చున్నాడు. డివిజన్ కమాండర్ ముందు ట్యాంకులో ఎక్కడం యుద్ధ శాస్త్రం ప్రకారం మంచి పని కాదు. కానీ కనుమ దాటించమని తనే పట్టుబట్టాడు కాబట్టి ఆ రోజు ఆయన ఇంకెక్కడ ఉండగలడు? వెనక 25 పౌండర్ ఫిరంగులు, విడదీసి కంచరగాడిదల మీద మోసుకెళ్ళే 3.7 అంగుళాల హొవిట్జర్లు. ట్యాంకుల గుళ్ళు నేరుగా బంకర్ల కంతల్లోకి వెళ్ళాయి. అవతలివాళ్ళ దగ్గర ట్యాంకును ఆపే ఆయుధం లేదు, ట్యాంకు వస్తుందన్న ఊహా లేదు. పటియాలా, రాజపుత్, జాట్, గూర్ఖా బటాలియన్లు గుట్టలెక్కాయి. సెప్టెంబరంతా కదలని కనుమ ఒక్క రోజులో తెరుచుకుంది. వెనక్కి తగ్గిన శత్రువు మతాయన్ దాకా పోయాడు. 15న ద్రాస్ చేతికొచ్చింది. 24న కార్గిల్‌లో, లేహ్ వైపు నుంచి వచ్చిన మన దళంతో కలిశారు. కొత్త సంవత్సరం రోజు నుంచి కాల్పుల విరమణ. గుళ్ళకంటే చలి ఎక్కువమందిని కుంటివాళ్ళను చేసింది. చలి బట్టలు సరిగా లేని సైన్యం అది.

మతాయన్‌లో టీ తాగి ద్రాస్ చేరాం. భూమి మీద మనుషులు కాపురముండే రెండో అతి చల్లని చోటని బోర్డు చెబుతుంది. ఊరి చివర తోలోలింగ్ కొండ పాదాల దగ్గర 1999 యుద్ధ స్మారకం. జెండా పక్కన ఫొటోలు, టీషర్టులు అమ్మే దుకాణం, బిగ్గరగా దేశభక్తి పాటలు, నాకు నచ్చలేదు. చెక్కిన పేర్ల గోడ దగ్గర మాత్రం జనం తమంతట తామే గొంతు తగ్గించారు. 1999లో చనిపోయిన మనవాళ్ళు 527 మంది. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ఈ ఎదురు కొండల్లోనే, 2 రాజపుతానా రైఫిల్స్‌తో చనిపోయాడు. మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. ఆ వరుసలో 2020 గాల్వాన్‌లో పోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గుర్తు రాకుండా ఉండడు.

ఇక్కడ నిలబడి చూస్తే ఒక సంగతి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. తోలోలింగ్ నుంచి కింద హైవే అరచేతిలో గీతలా కనిపిస్తుంది. 1999 యుద్ధం కొండల కోసం అంటాం, అసలు యుద్ధం ఈ దారి కోసం. కొండ మీద కూర్చున్నవాడు దారి మీద వెళ్ళే ప్రతి లారీకీ గుండు వెయ్యగలిగాడు. అందుకే లారీలు లైట్లు ఆర్పి రాత్రులు నడిచాయి. ఆ యుద్ధంలో మన ఫిరంగులు పేల్చిన గుళ్ళు, బాంబులు, రాకెట్లు రెండున్నర లక్షలకు పైగా. బోఫోర్స్ గుండు ఒక్కొక్కటి నలభై కిలోలు దాటుతుంది. వాటిని చేతుల మీద గన్నులోకి ఎత్తినవాడు ఉన్నాడు, లారీలోకి ఎక్కించినవాడు ఉన్నాడు, మందుగుండు డిపోలో లెక్క రాసినవాడు ఉన్నాడు. పలాస కుర్రాడి ఉస్తాదుల్లో ఒకరిద్దరు ఆ రాత్రుల్లో స్టీరింగ్ పట్టుకుని ఉన్నా ఆశ్చర్యం లేదు.

కార్గిల్ చేరే ముందు మా డ్రైవర్ కాస్త మాట్లాడాడు. ఆయన చిన్నప్పుడు శీతాకాలం కనుమ మూసుకుంటే నెలల తరబడి తెరిచేవాళ్ళు కాదట. ఇప్పుడు సోన్‌మార్గ్ వైపు నుంచి ప్రాజెక్ట్ బీకన్‌వాళ్ళు, ద్రాస్ వైపు నుంచి విజయక్‌వాళ్ళు మంచు తోసుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తారు. 2025లో 32 రోజులకే తెరిచారు. దారి పక్కన రాళ్ళు కొట్టే కూలీలు చాలామంది జార్ఖండ్‌లోని దుమ్కా వాళ్ళు, వాళ్ళకి ఈ చలి మనకన్నా కొత్త. కింద సొరంగం సాగుతోంది. బాల్తాల్ నుంచి మినామర్గ్ దాకా సుమారు 13 కిలోమీటర్లు. తవ్వుతున్నది హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్. మళ్ళీ మనవైపువాళ్ళే తవ్వుతున్నారని నేను మురిసిపోతుంటే డ్రైవర్ మధ్యలో అందుకున్నాడు.

"సొరంగం అయిపోతే పైకి ఎవరు వస్తారు సాబ్? గుమ్రీ ఇక దారిలో ఉండదు."

నిజమే. సొరంగం మినామర్గ్‌లో తేలుతుంది, గుమ్రీ దానికి ముందే ఉంది. తంగరాజు కంపెనీలు చెక్కిన మలుపులు, స్మారకం, ఆ గిన్నెలాంటి లోయ అన్నీ నెత్తి మీద ఉండిపోతాయి.

"పాత దారి మూసేస్తారంటావా?"

"ఆర్మీ మూయనివ్వదు" అన్నాడు. "సొరంగానికి ఏమైనా అయితే బండ్లు ఎటు పోతాయి మరి?"